చేతిలో బయాలజీ పుస్తకం, పళ్ళెంలో మేక గుండెకాయ: మన ఒంటి గురించి మనమే చదువుకోవడం ఎట్లా

ముందే చెప్పేస్తాను, నేను డాక్టర్ని కాదు, బయాలజీ లెక్చరర్ని కాదు. ఇంటర్లో సీఈసీ, తర్వాత బీకామ్. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తాను, ఇల్లేమో తిరుపతిలో. పోనూ రానూ బస్సులో మూడు గంటలకి పైనే పోతాది, ఆ బస్సు సీట్లోనే నా చదువంతా జరిగింది.

మూడేళ్ళ కింద మా నాయనకి రక్త పరీక్ష చేపిస్తే, కిడ్నీ ఎట్లా పనిచేస్తా ఉందో చెప్పే క్రియాటినిన్ 1.8 వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందు 0.9. నాయన నవ్వేసినాడు, ఒక్క పాయింటు కూడా లేదు కదరా, షుగరు నలభై పాయింట్లు పెరిగినప్పుడే నాకేం కాలేదు అని. చూపించిన ఆసుపత్రిలో రెండు నిముషాలు కూడా మాట్లాడలేదు, మందు చీటీ ఇచ్చి నెల తర్వాత రమ్మన్నారు. పక్కింటి అత్త వచ్చి ఒంట్లో వేడి ఎక్కువైంది, రోజుకి రెండు టెంకాయల నీళ్ళు తాగించు అంది. తాగించినాము. నెల తర్వాత పరీక్షలో పొటాషియం ఎక్కువొచ్చింది, ఈసారి డాక్టరు గట్టిగానే అరిచినాడు. టెంకాయ నీళ్ళలో పొటాషియం దండిగా ఉంటాదని, దాన్ని బయటికి పంపే పని కిడ్నీదని, అది పేరుకుపోతే గుండె కొట్టుకునే లయే దెబ్బతింటాదని మా ఇంట్లో ఒక్కరికీ తెలీదు. ఇంట్లో నలుగురం డిగ్రీలు చదివినోళ్ళమే.

ఆ రోజు నుంచి మొదలుపెట్టినాను. ఎన్నో పుస్తకాలు సగంలో వదిలేసినాను, కొన్ని రెండుసార్లు చదివినాను. చివరికి నాకు కుదిరిన పద్ధతి ఇది, మీకు కుదిరినంత తీసుకోండి.

స్టెప్ 1: పుస్తకం కొనొద్దు, ముందు ఒక ప్రశ్న రాసుకోండి

అందరూ చేసే తప్పు ఏందంటే, మంచి పుస్తకం పేరు చెప్పు అన్నా అని అడగడం, ఐదొందలు పెట్టి కొనడం, కణం గురించిన మొదటి చాప్టర్లోనే నిద్రపోవడం. నేను కూడా అంతే. ప్రశ్న లేకుండా కణం గురించి చదివితే అది పరీక్షకి చదివినట్టే ఉంటాది.

అదే మీ ఇంట్లోంచి ఒక ప్రశ్న తీసుకోండి. షుగర్ పరీక్షల్లో హెచ్‌బీఏ1సీ అని ఒకటి ఉంటాదే, దాన్ని మూడు నెలల షుగర్ అంటారు, ఎందుకు మూడే, ఆరు ఎందుకు కాదు? నేను మొట్టమొదట పట్టుకున్న ప్రశ్న ఇదే. జవాబు వెతుక్కుంటా పోతే ఎర్ర రక్తకణం దగ్గర తేలినాను. అది పుట్టినప్పటి నుంచి సుమారు 120 రోజులు బతుకుతాది. బతికినన్నాళ్ళూ రక్తంలో ఉండే చక్కెర దాంట్లోని హిమోగ్లోబిన్‌కి కొంచెం కొంచెంగా అతుక్కుంటా పోతాది, వద్దన్నా ఊడదు. కాబట్టి ఆ అతుక్కున్న శాతం చూస్తే పోయిన రెండు మూడు నెలల్లో మనం ఏం తిన్నామో బయటపడిపోతాది, పరీక్షకి ముందు రెండు రోజులు స్వీట్లు మానేసి డాక్టర్ని మోసం చేద్దామంటే కుదరదు. ఇంకొకటి కూడా దీంట్లోంచే తెలుస్తాది, రక్తం బాగా పోయినోళ్ళకి, కొన్ని రకాల రక్తహీనత ఉండేవాళ్ళకి కణాల వయసు లెక్క మారిపోతాది కాబట్టి ఈ రీడింగు తప్పు చెప్పొచ్చు. ఒక్క ప్రశ్నకే ఇంత దూరం పోయినాము చూడండి.

ప్రశ్నలు చిన్న నోట్‌బుక్కులో రాసుకోండి. ఫోన్లో రాసుకుంటే మళ్ళీ చూడం, నాకు అనుభవమే.

స్టెప్ 2: పదో తరగతి పుస్తకం దగ్గరికి సిగ్గుపడకుండా పోండి

మన రాష్ట్రం పాత సిలబస్ పదో తరగతి జీవశాస్త్రం పుస్తకం ఎవరింట్లో అయినా అటక మీద ఉంటాది. పోషణ, శ్వాసక్రియ, ప్రసరణ, విసర్జన, నియంత్రణ, ప్రత్యుత్పత్తి, అనువంశికత, ఇట్లా వరసగా ఉంటాయి పాఠాలు. మా పాప పక్కింటోళ్ళ దగ్గర తెచ్చింది, నేను రెండు వారాల్లో అయిపోగొట్టినాను. పరీక్ష భయం లేకుండా చదివితే అదే పుస్తకం వేరే మాదిరి కనిపిస్తాది, నిజం చెప్తున్నా. మీ ప్రశ్నకి సంబంధించిన పాఠం ఒక్కటి చదివినా చాలు.

ఇంకొంచెం కావాలంటే తెలుగు అకాడమీ ఇంటర్ జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం ఉండనే ఉన్నాయి, పాత పుస్తకాల షాపుల్లో దొరుకుతాయి. అయితే వాటిని మొదటి నుంచి చివరిదాకా చదవాలని పంతం పట్టొద్దు, డిక్షనరీ మాదిరి వాడుకోండి.

స్టెప్ 3: పుస్తకం ఎంచుకునేటప్పుడు అట్ట కాదు, అచ్చయిన సంవత్సరం చూడండి

బయాలజీలో ఇది చానా ముఖ్యం. మనిషికి ఎన్ని జీన్లు ఉన్నాయి అనేదే తీసుకోండి. 2000కి ముందు పుస్తకాల్లో లక్ష దాకా ఉండొచ్చని రాసేవాళ్ళు. 2001లో జీనోమ్, అంటే మనిషి జీన్లన్నీ ఉండే డీఎన్ఏ మొత్తం, దాని మొదటి చిత్తుప్రతి వచ్చినప్పుడు 30 నుంచి 40 వేలు అన్నారు. ఇప్పుడు ప్రోటీన్ తయారీకి పనికొచ్చేవి సుమారు 20 వేలే అంటున్నారు. మనం తినే వరికి మనకంటే ఎక్కువ ఉన్నాయి, అన్నం తినేటప్పుడు గుర్తుచేసుకోండి. పాత పుస్తకం రాసినాయన అబద్ధం చెప్పలేదు, అప్పటికి తెలిసింది అంతే. సిద్ధార్థ ముఖర్జీ ‘ది జీన్’ 2016లో వచ్చింది, ఈ కథంతా ఎట్లా నడిచిందో దాంట్లో బాగుంటాది, కానీ లావు పుస్తకం, మొదటి పుస్తకంగా పట్టుకోవద్దు. మొదటిదిగా అయితే బిల్ బ్రైసన్ ‘ది బాడీ’, 2019ది. ఆయన సైంటిస్టు కాదు, జర్నలిస్టుగా పనిచేసి రచయిత అయినాడు, అందుకే మనలాంటోడికి ఎక్కడ అర్థం కాదో ఆయనకి తెలుసు. ఏ చాప్టర్ కావాలంటే అది తీసి చదువుకోవచ్చు.

ఇంకో జాగ్రత్త, పేరు చూసి మోసపోవద్దు. 1976లో వచ్చిన రిచర్డ్ డాకిన్స్ అనే జీవశాస్త్రవేత్త పుస్తకం ‘ది సెల్ఫిష్ జీన్’ పేరు విని మనుషులు పుట్టుకతోనే స్వార్థపరులని చెప్పే పుస్తకమేమో అనుకుని మా ఆఫీసులో ఒకాయన దాని మీద గంట వాదించినాడు, చదవకుండానే. అది పరిణామాన్ని జీన్ వైపు నుంచి చూసే పుస్తకం, మనం స్వార్థంగా ఉండాలని ఎక్కడా చెప్పదు.

పుస్తకం వెనకాల ఆధారాల పట్టిక, పదాల సూచిక లేకుండా ఊరికే ‘పరిశోధకులు తేల్చారు’ అని రాసుకుంటా పోతే నేను పెట్టేస్తాను. ఒకే ఆకు, ఒకే పండు, ఒకే ఆసనం అన్ని రోగాలకీ పనిచేస్తాదని రాస్తే పేజీ కూడా తిప్పను.

కొనే స్తోమత లేకపోతే చిత్తూరులో జిల్లా గ్రంథాలయం ఉంది, తిరుపతిలో యూనివర్సిటీలో చదివే పిల్లలు ఎవరైనా తెలిసినోళ్ళుంటే వాళ్ళని పట్టుకోండి. అలిపిరి రోడ్డులో రీజినల్ సైన్స్ సెంటర్ కూడా ఉంది, పిల్లల్ని తీసుకుపోయే వంకతో మనం చూసి రావొచ్చు.

స్టెప్ 4: పదాల తాళంచెవి

ఇంగ్లీషు పుస్తకం చదివేటప్పుడు తెలుగు మీడియం వాళ్ళం ఆగిపోయేది సైన్సు దగ్గర కాదు, మాటల దగ్గర. కానీ ఆ పెద్ద పెద్ద మాటలన్నీ ముక్కలు అతికించినవే. చివర ‘ఐటిస్’ వస్తే వాపు, మంట. ‘ఎక్టమీ’ వస్తే కోసి తీసేయడం. ‘ఈమియా’ వస్తే రక్తం సంగతి. ‘హైపర్’ అంటే ఎక్కువ, ‘హైపో’ అంటే తక్కువ. ‘నెఫ్రో’ కిడ్నీ, ‘హెపటో’ కాలేయం, ‘కార్డియో’ గుండె, ‘గ్లైకో’ చక్కెర. ఇంక మీరే కూడుకోండి, హెపటైటిస్ ఏందో, హైపోగ్లైసీమియా ఏందో. నాయన రిపోర్టులో ‘హైపర్‌కలీమియా’ అని ఉంటే నాకు సగం దాకా అర్థమైంది, ఏందో రక్తంలో ఎక్కువైందని, ‘కలి’ అంటే పొటాషియం అని తర్వాత తెలిసింది.

తెలుగు మాటలు కూడా పక్కనే రాసుకోండి. గుండె నుంచి బయటికి తీసుకుపోయేది ధమని, గుండెకి తిరిగి తెచ్చేది సిర, క్లోమం అంటే పాంక్రియాస్, అవటు గ్రంథి అంటే థైరాయిడ్. కొన్ని తెలుగు మాటలు ఇంగ్లీషు కంటే కష్టంగా ఉన్నాయి, అది ఒప్పుకోవాల్సిందే.

స్టెప్ 5: చదివేటప్పుడు లెక్క వెయ్యండి

ఇది నా పిచ్చి అనుకోండి, అకౌంట్స్ వాడిని కదా. కానీ అసలు ఒంటి సంగతి నాకు అర్థమైంది ఇక్కడే, అందుకని కొంచెం ఎక్కువసేపు చెప్తాను.

రక్తం ఒంట్లో గుండ్రంగా తిరుగుతాదని మనకిప్పుడు చిన్న పిల్లోడు కూడా చెప్తాడు. కానీ పద్నాలుగు వందల ఏళ్ళ పాటు యూరప్‌లో డాక్టర్లు నమ్మింది వేరే. గాలెన్ అనే పాతకాలం వైద్యుడు చెప్పినట్టు, మనం తిన్న తిండిని కాలేయం రక్తంగా మారుస్తాది, ఒళ్ళు దాన్ని వాడేసుకుంటాది, మళ్ళీ కొత్తది తయారవుతాది, ఇదీ వాళ్ళ లెక్క. 1628లో విలియం హార్వే అనే ఇంగ్లీషు డాక్టరు ఈ ఖాతాని ఆడిట్ చేసినాడు. గుండె ఒక్కసారి కొట్టుకుంటే ఎంత రక్తం బయటికి పోతాది, అరగంటలో ఎన్నిసార్లు కొట్టుకుంటాది, గుణించినాడు. కావాలనే చానా తక్కువ అంచనా వేసుకున్నాడు, అయినా మనిషి తిన్న తిండికీ ఆ రక్తానికీ పొంతనే కుదరలేదు. అంత రక్తం కొత్తగా తయారయ్యే అవకాశమే లేదు, కాబట్టి అదే రక్తం తిరిగి వస్తా ఉండాల.

మీరే వేసి చూడండి. ఒక్క దెబ్బకి సుమారు 70 మిల్లీలీటర్లు, నిముషానికి 72 సార్లు, అంటే 5 లీటర్లు. రోజుకి 7200 లీటర్లు, పెద్ద నీళ్ళ ట్యాంకర్ నిండిపోతాది. ఒంట్లో ఉండే రక్తం మొత్తం కలిపినా 5 లీటర్లే. రక్తం ధమనుల నుంచి సిరల్లోకి ఏ దారిలో పోతాదో హార్వే చూడలేకపోయినాడు, ఆ సన్న కేశనాళికల్ని 1661లో మాల్పీగీ అనే ఇటలీ ఆయన కప్ప ఊపిరితిత్తుల్లో మైక్రోస్కోప్ పెట్టి చూసినాడు. అప్పటికి హార్వే పోయి నాలుగేళ్ళయింది. కంటికి కనపడక ముందే లెక్కలో దొరికింది, అదే నాకు నచ్చింది.

ఇదే పద్ధతి కిడ్నీకి పెట్టినాను. రెండు కిడ్నీలూ కలిసి రోజుకి సుమారు 180 లీటర్లు వడకడతాయి, మూత్రంగా బయటికి వచ్చేది లీటరున్నరో రెండు లీటర్లో. మిగతా అంతా రిటర్ను, రక్తంలోకే వెనక్కి పోతాది. రక్తంలో కణాలు తీసేస్తే మిగిలే ద్రవం, అంటే ప్లాస్మా, ఒంట్లో మూడు లీటర్లే కాబట్టి, అదే మూడు లీటర్లు రోజుకి 60 సార్లు జల్లెడ పడతా ఉందన్నమాట. ఇంక ‘కిడ్నీ క్లీన్ చేసే జ్యూస్’ అని ఎవరైనా పంపితే నాకు నవ్వొస్తాది, క్లీన్ చేసేదే అది కదా.

ఇప్పుడు క్రియాటినిన్‌కి వద్దాం. అది కండల్లో రోజూ దాదాపు ఒకే మోతాదులో పుట్టే చెత్త. పుట్టింది పుట్టినట్టు బయటికి పోవాల. కిడ్నీ రోజుకి 180 లీటర్లు వడకడతా ఉంటే, లీటరుకి 1 వంతు చెత్త ఉన్నా 180 వంతులు బయటికి పోతాయి. అదే కిడ్నీ సగం చెడి 90 లీటర్లే వడకడితే? పుట్టే చెత్త అంతే ఉంది, అదే 180 పోవాలంటే లీటరుకి 2 వంతులు ఉండాల. అంటే వడపోత సగమైతే క్రియాటినిన్ రెండింతలయ్యే దాకా పెరిగి అక్కడ నిలబడతాది. 0.9 కాస్తా 1.8 అయింది అంటే ‘ఒక్క పాయింటు కూడా లేదు’ కాదు, సగం వ్యాపారం మూతపడింది అని. ఈ లెక్క నాకు పూతలపట్టు దాటినాక బస్సులో అర్థమైంది, పుస్తకం మూసి కిటికీలోంచి చూస్తా కూచున్నాను, పాకాల వచ్చేదాకా.

కండ ఎక్కువ ఉన్నోడికి క్రియాటినిన్ మామూలుగానే కొంచెం ఎక్కువ ఉంటాది, బక్కగా ఉండే ముసలోళ్ళకి కిడ్నీ దెబ్బతిన్నా అంకె మామూలుగా కనిపించొచ్చు. అందుకే రిపోర్టులో వయసు, ఆడా మగా కలిపి లెక్కేసి కిడ్నీ ఎంత వడకడతా ఉందో చెప్పే ఈజీఎఫ్ఆర్ అని ఇంకో అంకె ఉంటాది, దాన్ని చూడండి, డాక్టర్ని దాని గురించే అడగండి. మందులు మాత్రం మీరే మార్చొద్దు. పుస్తకం చదివేది ప్రశ్న అడగడానికి, చీటీ రాయడానికి కాదు.

స్టెప్ 6: చదివింది చేత్తో పట్టుకుని చూడండి

మాంసం తినేవాళ్ళకి ఇది సులభం. ఆదివారం మటన్ కొట్టుకి పోయినప్పుడు మేక గుండెకాయ ముక్కలు కొట్టకుండా పూర్తిగా ఇమ్మని అడగండి. కొట్టాయన ఒక మాదిరిగా చూస్తాడు, పాపకి స్కూల్లో కావాలంట అని చెప్పండి, నేను అట్లే చెప్తాను. ఇంటికి తెచ్చి కడిగి, పళ్ళెంలో పెట్టి నిలువుగా కోయండి. నాలుగు గదులు కనిపిస్తాయి, మన గుండె కూడా ఇట్లాంటిదే. కింది గదుల్లో ఎడమ దాని గోడ లావుగా ఉంటాది, కుడి దాని గోడ పలచన. ఎందుకంటే కుడి గది రక్తాన్ని పక్కనే ఉండే ఊపిరితిత్తుల దాకా పంపితే చాలు, ఎడమది కాలి వేలి దాకా తోయాల. లోపల తెల్లటి దారాల మాదిరి ఉంటాయి చూడండి, అవి కవాటం రెక్కలు వెనక్కి తిరగబడకుండా పట్టుకునే తాళ్ళు. పుస్తకంలో బొమ్మ పది సార్లు చూసినా నాకు ఎక్కలేదు, ఒక్క ఆదివారంతో ఎక్కేసింది. తర్వాత ఎట్లాగూ మిరియాలేసి వేపుడు చేసుకోవచ్చు, వేస్టు కాదు.

కోడిలో కందనకాయ కోసి చూడండి, నాటుకోడిదైతే లోపల చిన్న చిన్న రాళ్ళుంటాయి. కోడికి పళ్ళు లేవు కదా, అదే దాని తిరగలి.

బిర్యానీలో కోడి రెక్క వస్తే తినేసి ఎముకలు పక్కన పెట్టండి. పైన ఒక్క ఎముక, దాని కింద రెండు, ఆ చివర చిన్న చిన్నవి. ఇప్పుడు మీ చెయ్యి చూసుకోండి, భుజం నుంచి మోచేతి దాకా ఒక్కటి, అక్కడి నుంచి మణికట్టు దాకా రెండు, తర్వాత చిన్నవి. గబ్బిలం రెక్కలో అదే వరస, తిమింగలం తెడ్డులో అదే వరస. 2004లో కెనడా ఉత్తరాన మంచు ప్రాంతంలో 37.5 కోట్ల ఏళ్ళ నాటి చేప శిలాజం టిక్టాలిక్ దొరికింది, దాని రెక్కలో కూడా ఈ వరస మొదలై ఉంది. దాన్ని కనిపెట్టిన వాళ్ళలో ఒకడైన నీల్ షుబిన్ 2008లో ‘యువర్ ఇన్నర్ ఫిష్’ అని పుస్తకం రాసినాడు, రెక్క ఎముకలు పక్కన పెట్టుకుని చదవాల్సిన పుస్తకం అది.

మాంసం తిననివాళ్ళు బాధపడొద్దు, మన వీధిలో ఆవులున్నాయి. నడిరోడ్డు మీద నిలబడి మనల్ని హారన్ కొట్టిస్తా ఉంటాయి కదా, ఆ టైములో వెనక కాలు చూడండి. మోకాలు వెనక్కి వంగినట్టు కనిపిస్తాది. అది మోకాలు కాదు, మడమ! అసలు మోకాలు పైన పొట్ట పక్కన ఉంటాది, ముందుకే వంగుతాది. ఆవు నిలబడేది వేళ్ళ చివర మీద, గిట్టలు దాని గోళ్ళు. మా పాపకి ఇది చెప్పిన రోజు నుంచి కనపడిన ప్రతి కుక్కకీ, పిల్లికీ మడమ ఎక్కడుందో వెతుకుతాంది.

ఇంక తిరుపతోళ్ళకి దేవుడిచ్చిన ల్యాబ్ ఒకటుంది, అలిపిరి మెట్లు. 3550 మెట్లు. కింద కూచుని మణికట్టు దగ్గర నాడి పట్టి అర నిముషం లెక్కపెట్టి రెండింతలు చెయ్యండి. గాలిగోపురం దగ్గర ఆగిన వెంటనే మళ్ళీ చూడండి, తర్వాత ప్రతి రెండు నిముషాలకీ ఎంత తగ్గుతా ఉందో రాసుకోండి. నాకు కింద 78, పైన 148, ఐదారు నిముషాలకి వందలోపుకి దిగింది. నెల రోజులు పొద్దున నడిచి మళ్ళీ పోతే అదే మెట్లకి 136 వచ్చింది, గుండె ఒక్కో దెబ్బకి ఎక్కువ రక్తం పంపడం నేర్చుకుంటాదని పుస్తకంలో ఉండేది నా చేతి మీద కనిపించింది. గుండె జబ్బు, బీపీ ఉండేవాళ్ళు, ఆయాసం వచ్చేవాళ్ళు ఈ ప్రయోగాలు పెట్టుకోవద్దు, డాక్టర్ని అడక్కుండా అసలు పోవద్దు.

మెట్లెక్కేటప్పుడు తొడలు మండేదీ, మర్నాడు మంచం దిగలేకపోయేదీ ఒకటే అనుకుంటాం. కాదు. ఎక్కేటప్పుడు కండరంలో పేరుకునే లాక్టిక్ ఆసిడ్ అనేది ఆగిన గంటా రెండు గంటల్లోనే సర్దుకుపోతాది, రెండో రోజు దాకా ఉండదు. మర్నాటి నొప్పి కండ పోగుల్లో పడ్డ సన్నటి చీలికల వల్ల. అది కూడా ఎక్కినప్పటి కంటే దిగినప్పుడే ఎక్కువ, ఎందుకంటే దిగేటప్పుడు తొడ కండరం సాగుతా సాగుతా బరువు ఆపాల. నమ్మకపోతే ఒకసారి ఎక్కి బస్సులో దిగండి, ఇంకోసారి ఎక్కి మెట్ల మీదే దిగండి, తేడా మీ తొడలే చెప్తాయి.

ఆ కండరానికి శక్తినిచ్చే నాణెం ఏటీపీ. రోజంతా మీద ఒళ్ళు తయారుచేసి వాడేసే ఏటీపీ తూకం వేస్తే మన బరువుకి దగ్గర దగ్గరగా ఉంటాదంట, అదే నాణేన్ని మళ్ళీ మళ్ళీ తిప్పుకుంటా ఉంటాం కాబట్టి సరిపోతా ఉంది. దాన్ని కండరం నుంచి వేరుచేసిన తొలి మనుషుల్లో మన తెలుగాయన ఉన్నాడు, భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 1929లో అమెరికాలో ఫిస్కే అనే ఆయనతో కలిసి చేసినాడు, అదే ఏడాది జర్మనీలో లోమన్ విడిగా కనిపెట్టినాడు. మెట్ల మీద గోవిందా అనే ప్రతిసారీ ఆయన్ని కూడా తలుచుకోవచ్చు.

స్టెప్ 7: ఒంటి నుంచి బయటికి రండి

మనిషి ఒక్కడి గురించే చదివితే సగమే అర్థమవుతాది. బల్లి మీద పడితే ఏం ఫలమో పంచాంగంలో చూసుకుంటాం గానీ, అది పడకుండా గోడ మీద ఎట్లా నిలబడిందో అడగం. దాని వేళ్ళ కింద లక్షల సన్న వెంట్రుకలు, ఒక్కోదాని చివర మళ్ళీ వందల చీలికలు. జిగురు లేదు, గాలి పీల్చి పట్టుకోవడం లేదు, అణువుకీ అణువుకీ మధ్య ఉండే అతి చిన్న ఆకర్షణే అన్ని చోట్లా కలిసి బరువు మోస్తాది. మన శేషాచలం కొండల్లో బంగారు బల్లి ఉంది, రాళ్ళ సందుల్లో ఉంటాది, చట్టం కింద దాన్ని ముట్టుకోకూడదు. ఇంట్లో ట్యూబులైటు దగ్గర ఉండేదాన్ని చూస్తే చాలు. బంగారు బల్లి కోసమని కాలిబాట దిగి అడవిలోకి పోవద్దు, చిరుతలు తిరుగుతాయి.

ఇంకోటి, తిరుమల కొండల్లో సైకస్ బెడ్డోమీ అనే ఈత చెట్టు మాదిరి మొక్క ఉంది, ప్రపంచంలో ఇక్కడి కొండల్లోనే ఉంటాది. దీన్ని డైనోసార్ల కాలం చెట్టు అంటారు. సగం నిజం. ఆ వంశం డైనోసార్ల కంటే పాతదే, కానీ ఈ రోజుండే సైకస్ జాతులు చానా వరకు పోయిన ఒకటి రెండు కోట్ల ఏళ్ళలో విడిపోయినవే. మా వంశం రాయలవారి కాలం నాటిది అంటే నేను రాయలవారిని చూసినట్టు కాదు కదా, అదే సంగతి.

ఫ్యాక్టరీలో ప్రతి మే, జూన్ నెలల్లో నేను తోతాపురి లోడ్లు చూస్తాను, పచ్చిగా వస్తాయి, గదుల్లో పండిస్తారు. కాయ తనే ఎథిలీన్ అనే వాయువు వదులుతాది, అదే పండమని చెప్పే హార్మోన్. కార్బైడ్ రాయి పెడితే వచ్చే ఎసిటిలీన్ దాని నకలు, దాంట్లో ఆర్సెనిక్ మాదిరి విషం కలిసి ఉండొచ్చు కాబట్టి నిషేధం. ఇంట్లో చెయ్యాల్సింది ఏందంటే, నాలుగు పచ్చి కాయలు తీసుకోండి, రెండింటిని పండిన అరటిపండుతో పాటు కాగితం సంచిలో కట్టండి, రెండింటిని పండు లేకుండా అట్లాంటి ఇంకో సంచిలోనే కట్టండి. ఆ రెండో సంచి ముఖ్యం. అది లేకపోతే సంచి వల్ల పండిందా, పండు వల్లనా తెలీదు.

స్టెప్ 8: ఆ రెండో సంచి ఏదీ అని ప్రతి చోటా అడగండి

ఫలానా కషాయం తాగితే జలుబు వారంలో తగ్గింది అంటారు. తాగనోడికి ఎన్నాళ్ళకి తగ్గింది? అదే రెండో సంచి. వాట్సాప్‌లో వచ్చేవాటిలో చానా వాటికి అది ఉండదు.

మంచి పుస్తకాల్లో కూడా పాత తప్పులు తిరగతా ఉంటాయి. ఒంట్లో మన కణాల కంటే బాక్టీరియా పదింతలు అని నేను మూడు చోట్ల చదివినాను. 2016లో మళ్ళీ లెక్క వేస్తే మన కణాలు సుమారు 30 లక్షల కోట్లు, బాక్టీరియా 38 లక్షల కోట్లు అని తేలింది, అంటే దాదాపు సమానం. మెదడు పది శాతమే వాడతాం అనేది కూడా అబద్ధం, ఒంటి బరువులో 2 శాతం ఉండే మెదడు శక్తిలో 20 శాతం తింటాది, వాడని దానికి ఎవరన్నా అంత కరెంటు బిల్లు కడతారా? నాలుక కొనతో తీపి, పక్కలతో పులుపు అనే బొమ్మ మా పాప గైడులో ఇంకా ఉంది, చక్కెర నాలుక వెనక పెట్టుకుని చూడమన్నాను, బొమ్మ కొట్టేసింది.

స్టెప్ 9: తెలుగులో ఎవరికైనా చెప్పండి

చాప్టర్ అయినాక పుస్తకం మూసేసి ఇంట్లో ఒకరికి చెప్పండి, ఇంగ్లీషు మాటలు వీలైనంత తక్కువగా. ఎక్కడ నోరు ఆగిపోతే అక్కడ మీకు అర్థం కాలేదని. నేను మా నాయనకి చెప్తాను. ఆయన పదో తరగతి ఫెయిలు, కానీ సేద్యం చేసినోడు, అడిగే ప్రశ్నలు మాత్రం నన్ను మళ్ళీ పుస్తకానికి పంపిస్తాయి. కిడ్నీ గురించి చెప్తే, అంతా వడకట్టి మళ్ళీ అంతా వెనక్కి తీసుకునే బదులు చెత్త ఒక్కటే ఏరి పారేయొచ్చు కదరా అన్నాడు. నాలుగు రోజులు తిరిగినాను దానికి. ఏరాలంటే ప్రతి చెత్తనీ గుర్తుపట్టే ఏర్పాటు ఉండాల, రేపు ఏ కొత్త విషం తింటామో ఒంటికి తెలీదు. అంతా బయట పోసి, కావాల్సింది మాత్రం గుర్తుపట్టి లోపలికి తెచ్చుకుంటే, తెలియని చెత్త దానంతట అదే పోతాది. కళ్ళంలో రాశి తూర్పారబట్టినట్టే లే అన్నాడు నాయన. టెంకాయ నీళ్ళు బంద్ అయినాయి, క్రియాటినిన్ ఏడాదిన్నరగా 1.7 దగ్గరే నిలబడి ఉంది, రిపోర్టు వస్తే ముందు పొటాషియం ఎంత అని ఆయనే అడుగుతాడు.

నాకు ఇప్పటికీ లొంగనిది రోగనిరోధక వ్యవస్థ. టీ కణాలు, బీ కణాలు, ఎవరు ఎవరికి చెప్తారో మూడుసార్లు చదివినా కలగాపులగమే. ముసలి ఎర్ర కణాల్ని పట్టి పాతసామాన్ల కొట్టు మాదిరి విడగొట్టేది, ఈ తెల్ల కణాలు కాపు కాసేది రెండూ జరిగే చోటు ప్లీహం అంట, అక్కడి నుంచి మొదలుపెడదామని అనుకున్నాను. కొట్టాయన్ని అడిగి పెట్టినాను, పొట్ట పక్కన నల్లెర్రగా పలచగా ఉంటాదే, అది కోయకుండా పక్కన పెట్టన్నా అని. రక్తం పడతాదని బాలింతలకి, బలహీనంగా ఉండేవాళ్ళకి తీసుకుపోతారంట, ఏడు గంటలకల్లా రాకపోతే ఉండదన్నాడు.